పాత ఇల్లు ఖాళీ.. కొత్తింటికి ముహూర్తం లేదు: మధ్యలో సామాన్లు గోడౌన్‌లో పెడితే బాధ్యత ఎవరిది?

అద్దె ఇంటి గడువు అయిపోయింది. కొత్త ఫ్లాట్ తాళాలు ఇంకా చేతికి రాలేదు. లేదా తాళాలు వచ్చాయి కానీ ముహూర్తం కుదరలేదు. ఇంటి ఓనర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. మరి బీరువా, ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెలు.. ఇవన్నీ ఈ మధ్యలో ఎక్కడ పెట్టాలి?

ఈ ఏడాది ఈ ప్రశ్న మామూలు కంటే ఎక్కువ ఇళ్లలో వినిపిస్తోంది. కారణం క్యాలెండర్‌లోనే ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 వరకు గృహప్రవేశాలు లేవు. జూన్ 16 నుంచి జులై 14 వరకు నిజ జ్యేష్ఠం. ఆ వెంటనే జులై 15 నుంచి ఆగస్టు 12 దాకా ఆషాఢం. మళ్లీ శ్రావణం మొదలయ్యేది ఆగస్టు 13న. అంటే నిజ జ్యేష్ఠంలో దొరికిన ఒక్క నెలలో ఇల్లు మారలేకపోతే, శ్రావణం దాకా ఆగాల్సిందే అనుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఓనర్ మాత్రం అన్నాళ్లు ఆగడు కదా!

హైదరాబాద్ వాళ్లకే కాదు, ఊళ్లకూ ఇదే సమస్య

చేవెళ్ల దాటి మన్నెగూడ వైపు వెళ్తుంటే ఆలూరు స్టేజీ వస్తుంది. హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు, అంటే జాతీయ రహదారి 163 మీద ఉన్న ఊరు. 2024 డిసెంబర్ 2న రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది ఇక్కడే. ఆ తర్వాత 2025 నవంబర్ 3న ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేయాలన్న డిమాండ్ ఏళ్ల నాటిది. మర్రి చెట్ల కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నడిచి, 2025 చివర్లో ఒక కొలిక్కి వచ్చింది.

రోడ్డు వెడల్పు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఏ రోడ్డు వెడల్పు చేసినా, పక్కన ఇల్లో, షాపో, పశువుల కొట్టమో ఉన్నవాళ్లకి ఒక ప్రశ్న మిగులుతుంది. పరిహారం ఎంత అనేది అందరూ అడుగుతారు. ‘ఇంట్లో ఉన్న సామాను ఎక్కడ పెట్టాలి?’ అని ఎవరూ అడగరు.

ఐటీ కారిడార్‌లో ఫ్లాట్ మారే ఉద్యోగికీ, హైవే పక్కన ఇల్లు పోయే రైతుకీ ఇక్కడ సమస్య ఒక్కటే. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కొన్ని వారాలు, కొన్ని నెలల ఖాళీ. ఆ ఖాళీలో మీ సంసారం మొత్తం వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. మరి చట్టం ఏం చెబుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

రోడ్డు కోసం ఇల్లు పోతే.. సామాన్ల తరలింపుకి డబ్బులొస్తాయా?

వస్తాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఇల్లు వదిలి వేరే చోటికి వెళ్లాల్సిన కుటుంబానికి సామాను, ఇంటి కట్టుబడి సామగ్రి, పశువుల తరలింపు కోసం ఒకేసారి రూ.50 వేలు ఇవ్వాలి. దీనికి తోడు ఏడాది పాటు నెలకి రూ.3 వేల చొప్పున జీవన భృతి. పునరావాస భత్యం కింద ఇంకో రూ.50 వేలు. పశువుల కొట్టం లేదా చిన్న షాపు ఉన్నవాళ్లకి కనీసం రూ.25 వేలు.

జాతీయ రహదారుల భూసేకరణ వేరే చట్టం కింద జరుగుతుంది కదా, మాకు ఇది వర్తిస్తుందా అన్న డౌట్ రావొచ్చు. 2015 నుంచి పరిహారం, పునరావాసానికి సంబంధించిన ఈ షెడ్యూళ్లు జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూములకి కూడా వర్తిస్తున్నాయి.

అయితే ఇక్కడ రెండు మెలికలున్నాయి.

ఒకటి, ఇది నిర్వాసిత కుటుంబానికి. అంటే అక్కడి నుంచి పూర్తిగా కదలాల్సిన వాళ్లకి. ప్రహరీ గోడ, ముందు వరండా మాత్రమే పోయి మిగతా ఇల్లు నిలబడితే ఈ రవాణా ఖర్చు రాకపోవచ్చు. కానీ ఆ మిగిలిన ఇంటిని రిపేర్ చేసేదాకా సామాన్లు మాత్రం బయట పెట్టాల్సిందే.

రెండోది టైమ్. జాతీయ రహదారుల చట్టం 3ఈ సెక్షన్ ప్రకారం, పరిహారం డబ్బు జమ అయ్యాక స్వాధీనం కోసం నోటీసు ఇస్తారు. నోటీసు అందాక అప్పగించడానికి 60 రోజులు. ఆ రెండు నెలల్లో కొత్త ఇల్లు కట్టుకోవడం అయ్యే పనేనా? కాదు. అంటే చట్టం సామాను ‘మోయడానికి’ డబ్బులిచ్చింది కానీ, ‘ఉంచడానికి’ ఇవ్వలేదు. ఆ నెలల గోడౌన్ అద్దె అనే లెక్కే అందులో లేదు.

మూసీ నిర్వాసితుల విషయంలోనూ ఇదే కనిపించింది. 2024లో డబుల్ బెడ్రూం ఇళ్లకి మారిన కుటుంబాలకి షిఫ్టింగ్ ఖర్చుల కింద రూ.25 వేల చొప్పున ప్రభుత్వం ఇచ్చింది. అక్కడ కొత్త ఇల్లు రెడీగా ఉంది కాబట్టి లారీ ఖర్చుతో సరిపోతుంది. ఇల్లు రెడీగా లేనివాళ్ల సంగతే వేరు.

కందుల బస్తాకి ఉన్న రక్షణ.. మీ బీరువాకి లేదు

ఇది కాస్త ఆశ్చర్యంగా అనిపించినా నిజం.

రైతు తన కందుల్ని రిజిస్టర్డ్ గిడ్డంగిలో పెడితే, దానికి 2007 నాటి గిడ్డంగుల చట్టం ఉంది. పైన నియంత్రణ సంస్థ ఉంది. గిడ్డంగి ఇచ్చే రసీదుకి చట్టపరంగా విలువ ఉంది, ఆ రసీదు చూపించి బ్యాంకులో లోన్ కూడా తీసుకోవచ్చు.

బంగారం బ్యాంక్ లాకర్‌లో పెడితే? 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో లాకర్లకి రూల్స్ పెట్టమని రిజర్వ్ బ్యాంక్‌కి చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో రూల్స్ వచ్చాయి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం.. వీటివల్ల లాకర్‌లో వస్తువులు పోతే, ఏడాది అద్దెకి 100 రెట్ల వరకు బ్యాంకుకి బాధ్యత ఉంటుంది.

మరి ఇంటి సామాన్లు పెట్టుకునే గోడౌన్‌కి? ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు, ప్రత్యేక నియంత్రణ సంస్థ లేదు. గచ్చిబౌలి దగ్గర సీసీ కెమెరాలతో ఉన్న స్టోరేజ్ యూనిట్ అయినా, మొయినాబాద్ వైపు రేకుల షెడ్డు అయినా అంతే. మీకూ వాళ్లకూ మధ్య ఉన్న కాగితమే చట్టం. దాని వెనకాల 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 2019 వినియోగదారుల చట్టం నిలబడతాయి. అందుకే ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

తాళం ఎవరిది? అసలు ప్రశ్న ఇదే

గోడౌన్‌లో సామాను పెట్టడం రెండు రకాలు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కేసు దాకా వెళ్తే మాత్రం తేడా బయటపడుతుంది.

మొదటిది, మీరు సామాన్లు వాళ్లకి అప్పగిస్తారు. వాళ్లు లిస్టు రాసుకుని, వాళ్ల తాళం వేసుకుని, అడిగినప్పుడు తిరిగి ఇస్తారు. దీన్ని చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత వస్తువుల్ని ఎలా చూసుకుంటాడో, మీ వస్తువుల్ని కూడా వాళ్లు అలాగే చూడాలి. ఆ జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే బాధ్యత ఉండదని 152 చెబుతోంది. టైముకి తిరిగి ఇవ్వకపోతే, ఆ రోజు నుంచి జరిగే నష్టానికి వాళ్లే బాధ్యులని 161 చెబుతోంది.

రెండోది, మీరు ఒక షట్టరో, గదో అద్దెకి తీసుకుంటారు. మీ తాళం మీరే వేసుకుంటారు. ఇక్కడ వాళ్లు మీకు స్థలం ఇచ్చారు అంతే. లోపల ఏముందో మాకు తెలియదు, మాకు అప్పగించలేదు అని వాళ్లు అనొచ్చు. ఎలుకలు కొరికినా, చెదలు పట్టినా ఎక్కువ భారం మీ మీదే పడుతుంది.

ఏది మంచిది? తాళం మన దగ్గరుంటే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ బాధ్యత కూడా మన దగ్గరే ఉంటుంది. ఈ రెండిట్లో మీది ఏదో ముందే తెలుసుకోండి. కొన్ని అగ్రిమెంట్లలో సామాన్లు వాళ్లే తీసుకెళ్లి వాళ్లే పెట్టినా, ‘స్థలం వాడుకోవడానికి అనుమతి మాత్రమే’ అని రాస్తారు. ఆ లైను కనిపిస్తే ఆగి అడగండి.

ఊళ్లో చుట్టాల ఇంట్లో పెడితే ఈ గొడవ ఉండదు అనుకుంటాం. బాబాయి వాళ్ల ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, అక్కడ పడేద్దాం అంటాం. చట్టం ప్రకారం అద్దె తీసుకోకపోయినా 151 సెక్షన్ జాగ్రత్త వర్తిస్తుంది. కానీ బాబాయి మీద కేసు ఎవరు వేస్తారు? అందుకే అక్కడ ఏం పెడుతున్నామో ఇద్దరూ కలిసి చూసుకుని, టీవీ, ఫ్రిజ్ వాడుకోవచ్చా లేదా అనేది ముందే మాట్లాడుకుంటే మంచిది. చుట్టరికం చెడేది ఎక్కువగా ఇలాంటి చిన్న విషయాల దగ్గరే.

అద్దె కట్టకపోతే సామాన్లు అమ్మేస్తారా?

‘రెండు నెలలు అద్దె బాకీ పడితే సామాన్లు వేలం వేసుకునే హక్కు మాకుంది’ అనే లైను కొన్ని అగ్రిమెంట్లలో ఉంటుంది.

కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్‌లో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. తన ఖాతా బాకీల కోసం ఎదుటివాళ్ల వస్తువుల్ని పట్టి ఉంచుకునే సాధారణ హక్కు బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, రేవు గోదాముల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లకి మాత్రమే ఉంది. మిగతా ఎవరికైనా ఆ హక్కు కావాలంటే, అగ్రిమెంట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. అంటే ఆ అధికారం వాళ్లకి ఎక్కువగా ఇచ్చేది మీ సంతకమే.

ఆ లైను తీసేయమని అడగండి. తీయకపోతే కనీసం ఇవి రాయించండి: ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, ఇన్ని రోజుల గడువు ఉండాలి, నోటీసు మీ పేరుతో పాటు ఇంట్లో ఇంకొకరి నంబర్‌కి కూడా రావాలి. ఉద్యోగం కోసం విదేశాలకి వెళ్తూ సామాన్లు పెట్టేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఇండియా సిమ్ ఆగిపోతే నోటీసు వచ్చిందన్న సంగతే తెలియదు.

లారీలో పోతే ఎంతొస్తుంది?

సామాను దెబ్బతినేది గోడౌన్‌లోనే కాదు, ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు కూడా. గోడౌన్ అంటే రెండుసార్లు ఎక్కించి రెండుసార్లు దించడం.

2007 రోడ్డు రవాణా చట్టం, దాని రూల్స్ ప్రకారం, మీరు ఎక్కువ రిస్క్ రేటు కట్టకపోతే రవాణా సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. అది కూడా మీరు ప్రకటించిన విలువ దాటదు. లెక్క చూద్దాం. కిరాయి రూ.8 వేలు అనుకుందాం. సామాన్ల విలువ రూ.4 లక్షలు. లారీ బోల్తా పడి అంతా పోతే, వచ్చే గరిష్ఠం రూ.80 వేలు. విలువ ప్రకటించి, అదనపు రేటు కడితేనే అంతకు మించి అడగగలరు.

ఇంకో మాట. నష్టం జరిగితే కేసు వేసే ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపే ఇవ్వాలి. ఇక్కడే గోడౌన్ వాళ్లు ఇరుక్కుంటారు. ఏడు నెలల తర్వాత డబ్బా విప్పి చూస్తే టీవీ పగిలి ఉంటుంది. లారీలో పగిలిందా, గోడౌన్‌లో పగిలిందా? లారీ వాళ్ల గడువు అప్పటికే అయిపోయింది. అందుకే గోడౌన్‌లో దించిన రోజే టీవీ, ఫ్రిజ్, గాజు సామాను ఒకసారి విప్పి చూసుకోవాలి.

‘ఇన్సూరెన్స్ ఉంది సార్’ అని మాటవరసకి చెబితే నమ్మొద్దు. పాలసీ ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. మీ పేరుతో, పాలసీ నంబర్‌తో, ప్రయాణానికా, గోడౌన్‌లో ఉన్నన్నాళ్లకా, రెండిటికీనా అనేది కాగితం మీద ఉండాలి. మీకు ఇప్పటికే ఇంటి పాలసీ ఉంటే, అందులో అడ్రస్ పాత ఇంటిది. సామాను వేరే చోటికి మారితే కవర్ ఉంటుందా అని ముందే కంపెనీని అడగండి. ‘ఐబీఏ అప్రూవ్డ్’ అనే బోర్డు కూడా పూచీ కాదు. బ్యాంకుల సంఘం ఆ సిఫారసు ఇచ్చేది రవాణా సంస్థలకి, అదీ బ్యాంకుల అవసరాల కోసం.

గోడౌన్ చౌకా? పాత ఇంట్లో ఇంకో నెల ఉండటం చౌకా?

అద్దె ఒక్కటే చూస్తే గోడౌన్ చౌకగానే కనిపిస్తుంది. మొత్తం లెక్క వేస్తే కొన్నిసార్లు కాదు.

ఉదాహరణకి గోడౌన్ నెలకి రూ.3 వేలు అనుకుందాం. ఇంటి సామాను స్టోరేజ్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే రూ.540. మూడు నెలలకి రూ.10,620. దీనికి తోడు అక్కడికి తీసుకెళ్లే కిరాయి, మళ్లీ కొత్తింటికి తెచ్చే కిరాయి. ఒక్కోటి రూ.8 వేలు అనుకుంటే రూ.16 వేలు. మొత్తం రూ.26,620. నేరుగా కొత్తింటికి మారినా ఒక కిరాయి తప్పదు కాబట్టి, అదనంగా పడేది రూ.18,620. పాత ఇంటి అద్దె నెలకి రూ.20 వేలు అయితే, ఒక్క నెల ఖాళీ కోసం గోడౌన్‌కి వెళ్లడం వల్ల మిగిలేది ఆ అద్దెలో సగం కూడా ఉండదు. పైగా విరిగేవి విరుగుతాయి. నెలలు పెరిగేకొద్దీ గోడౌన్ కలిసొస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. మంచి రోజు చూసి ముందే పాలు పొంగించి, సామాన్లు తర్వాత చేర్చుకునేవాళ్లు ఉన్నారు. మీ ఇంటి పద్ధతి ఏంటో పెద్దవాళ్లని, పురోహితుడిని అడగండి. ఒక ఫోన్ కాల్‌తో రెండు నెలల గోడౌన్ అద్దె తప్పిపోవచ్చు.

బిల్డర్ ఫ్లాట్ ఆలస్యం చేయడం వల్ల గోడౌన్‌కి వెళ్తున్నారా? రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, మీరు ఫ్లాట్ వదులుకోకపోతే, అప్పగించేదాకా ప్రతి నెల ఆలస్యానికి వడ్డీ అడగొచ్చు. గోడౌన్ అద్దె, కిరాయి రసీదులు కూడా దాచిపెట్టండి. నష్టం రుజువు చేయడానికి అవే ఆధారం.

వానాకాలంలో ఇవి మర్చిపోవద్దు

ఈసారి చాలామంది సామాన్లు పెట్టేది జూన్ నుంచి ఆగస్టు మధ్యలో. అంటే నిండు వానలు.

* గోడౌన్ చూడటానికి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. ఎక్కడ కారుతుందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో అప్పుడే తెలుస్తుంది.
* సామాను నేల మీద పెట్టనివ్వొద్దు. కింద చెక్క ప్యాలెట్లు ఉండాలి, గోడకి కాస్త దూరం ఉండాలి.
* పక్క షెడ్డులో పత్తి, రంగులు, థిన్నర్, కెమికల్ డ్రమ్ములు ఉంటే అక్కడ పెట్టకపోవడమే మంచిది.
* ఫ్రిజ్ ఒకరోజు ముందే ఆపి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచండి. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు పూర్తిగా తీసేయండి.
* గ్యాస్ సిలిండర్, ఇన్వర్టర్ బ్యాటరీ గోడౌన్‌లో పెట్టొద్దు. సిలిండర్ మీ గ్యాస్ ఏజెన్సీకి అప్పగించి కాగితం తీసుకోండి.
* బంగారం, నగదు, భూమి కాగితాలు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు మీ వెంటే ఉండాలి. బీరువా లాకర్‌లో పెట్టి బీరువాని పంపేసేవాళ్లు ఉన్నారు. ఆ పని చేయొద్దు.

మీ చేతిలో ఉన్న ఫోనే పెద్ద సాక్ష్యం

సామాన్లు కట్టకముందే ఒక వీడియో తీయండి. టీవీ ఆన్ చేసి చూపించండి. ఫ్రిజ్ మీద సీరియల్ నంబర్ కనిపించాలి. బీరువా నాలుగు వైపులా తిప్పి తీయండి. డబ్బాలకి నంబర్లు రాసి, ఏ డబ్బాలో ఏముందో చెబుతూ తీస్తే ఇంకా మంచిది. గోడౌన్‌లో దించాక ఇంకో వీడియో. ఆ వీడియోలు వాట్సాప్‌లో పంపినవే మిగిలితే సరిపోదు, ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లో, ఇంకో చోట కూడా ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం, ఇలాంటి డిజిటల్ ఆధారాన్ని కోర్టులో సర్టిఫికెట్‌తో పాటు ఇవ్వాలి.

లిస్టులో ‘1 టీవీ, 1 బీరువా’ అని రాస్తే చాలదు. కంపెనీ, సైజు, ఉన్న గీతలు, మీరు చెప్పిన విలువ కూడా రాయించి, రెండు వైపులా సంతకాలు పెట్టించండి. డబ్బులు ఫోన్ పే చేసినా జీఎస్టీ బిల్లు అడగండి.

ఏదైనా తేడా వస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన సొమ్ము రూ.50 లక్షల లోపు ఉంటే అక్కడే వేయాలి. ఇంటి గోడౌన్ కేసులన్నీ దాదాపు దీని కిందికే వస్తాయి. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, గోడౌన్ ఉన్న చోటికి తిరగక్కర్లేదు. రెండేళ్ల గడువు మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంకా మారాల్సింది ఏంటి?

లాకర్ల విషయంలో ఒక్క కేసు దేశం మొత్తానికి రూల్స్ తెచ్చింది. ఇంటి గోడౌన్లకి కూడా అలాంటి కనీస రూల్స్ అవసరం: ఒకే రకమైన రసీదు, తప్పనిసరి ఇన్సూరెన్స్, నోటీసు లేకుండా అమ్మకూడదన్న నిబంధన. ఇవి పెద్ద కోరికలేం కావు. కందుల బస్తాకి ఇస్తున్నవే.

రోడ్డు పనుల్లో కూడా అంతే. 60 రోజుల నోటీసు చేతికొచ్చాక, వానలో సామాను రోడ్డు మీద పెట్టుకునే పరిస్థితి రాకుండా, ఊళ్లో ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలో, మార్కెట్ యార్డు షెడ్డో కొన్ని నెలలు ఇవ్వడం రెవెన్యూ అధికారులకి కష్టమైన పని కాదు. కానీ అడగాలి. నోటీసు వచ్చినప్పుడు పరిహారం లెక్కతో పాటు, రవాణా ఖర్చు రూ.50 వేల సంగతీ, సామాన్లు ఉంచే చోటు సంగతీ రాతపూర్వకంగా అడిగి, అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటీసు రాకముందే ఇంట్లో ఏమేం ఉన్నాయో వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. పది నిమిషాల పని.